మే నెల పెట్రోలు

ఇరవై మూడోసారి తాడు లాగాను.
దగ్గను కూడా లేదు.

బల్లారట్‌లో సెప్టెంబరు. గడ్డి మీద మంచు
ఇంకా ఉప్పుగల్లులా కరకరమంటోంది.
నాలుగు నెలలు షెడ్డులో గోనె కప్పుకు పడుకున్న టిల్లరు
లేవనంటోంది.
లేవనని కూడా అనడం లేదు, అదే నా బాధ.
ఇంత పొగైనా, ఒక తిట్టైనా
ఏదో ఒకటి అనాలి కదా.

కంచె మీద బ్రాంకో తల మొలిచింది.
నలభై ఏళ్ళు రైలింజన్లతో కాపురం చేసిన మనిషి.
"మూడే అడుగు," అన్నాడు,
"నిప్పుందా, గాలుందా, తిండుందా.
నాలుగోది ఏ ఇంజనూ కోరదు."
మనుషులకన్నా నయమే అనుకున్నాను.

ముందు నిప్పు.
ప్లగ్గు విప్పితే, పొయ్యి మీద మరిచిపోయిన వంకాయ తొడిమలా నలుపు.
గరుకు కాగితంతో రుద్ది, ఇనుముకి ఆనించి తాడు లాగితే
షెడ్డు చీకట్లో ఒక నీలం చుక్క.
అవసరం లేకపోయినా ఇంకోసారి లాగాను.
చూడ్డానికి బాగుంది మరి.

తర్వాత గాలి.
ఫిల్టరు మూత తీస్తే లోపల చిట్టెలుక సంసారం.
పోయిందనుకుని ఇల్లంతా వెతికిన గోంగూర విత్తనాల పొట్లం
నమిలి నమిలి పరుపు చేసుకుంది.
గింజలు తిని, పొట్టు ఒక మూలకి ఊడ్చిపెట్టింది.
నాకన్నా శుభ్రమైన ఇల్లాలు.
ఎప్పుడు ఖాళీ చేసిందో, మనిషికి చెప్పి పోలేదు.

ఇక తిండి.
ట్యాంకు మూత తీసి వాసన చూశాను.
పెట్రోలు కాదది,
బూజు పట్టిన జాడీలో ఎవరో వార్నిషు ఊరేసినట్టుంది.
మే నెలలో పోసింది.
మే అంటే మీకు వడగాలి, మామిడిపళ్ళు.
ఇక్కడ ఆకులు రాలే నెల, అన్నిటినీ లోపల పెట్టేసే నెల.
ట్యాంకు వంచేసి పెట్టాల్సింది.
ఆ వారమంతా ఆస్పత్రిలో రెండేసి షిఫ్టులు,
తడి మెట్ల మీద జనం జారిపడే కాలం.
"తర్వాత చూద్దాంలే" అన్నాను టిల్లరుతో.

తర్వాత అంటే ఏమిటో ఇవాళ చూశాను:
కార్బ్యురేటరు గిన్నె అడుగున
తేనెరంగులో గడ్డకట్టిన జిగురు.

జెట్టు విప్పి వెలుతురుకి పట్టాను.
నా ఉద్యోగమే అది, లోపలివి వెలుతురుకి పట్టి చూడటం.
ఆవగింజలో సగం కూడా లేని కన్నం.
అవతల ఆకాశం కనపడాలి.
కనపడలేదు.

సన్నటి గిటారు తీగ ఉందా అన్నాడు బ్రాంకో.
మా ఇంట్లో వాయించేవాళ్ళు లేరు.
సూది లేదు. చీపురుపుల్ల లావు.
షెడ్డంతా తిరగేశాక కనిపించింది
నా గాజుకే వేలాడుతూ, పిన్నీసు.

నవ్వొచ్చింది.
ఎక్స్‌రే గదిలో రోజుకి ముప్పైమందికి చెప్తాను:
గొలుసులు తీయండి, పిన్నులు తీయండి, ఇనుమన్నది ఏదీ ఒంటిమీద ఉంచుకోకండి.
నా గాజుకి మాత్రం ఇరవై ఏళ్ళుగా ఇది,
ఎందుకైనా మంచిదని.
ఆ ఎందుకైనా
ఇందుకని ఇప్పుడు తెలిసింది.

"కన్నం పెద్దది చెయ్యకు!" కంచె అవతలి నుంచి గొణుగుడు.
మెల్లగా, కంట్లో నలుసు తీసినట్టు.
జిగురు పొలుసై ఊడింది.
సూదిమొనంత బల్లారట్ ఆకాశం,
బూడిదరంగుదే, అయినా ఆకాశం.

ఫిల్టరు సబ్బుతో ఉతికి ఆరేశాను. రెండు కప్పుల టీ అయ్యాయి.
కొత్త పెట్రోలు గిన్నెలో కాసిని, ట్యాంకులో కాసిని.
చోకు మూస్తుంటే అలవాటుగా నోట్లోంచి వచ్చేసింది,
"ఊపిరి బిగబట్టండి."
ఇంజనుకి బహువచనం.

లాగాను. దగ్గింది.
లాగాను. రెండు దగ్గులు, ఒక తెల్లపొగ.
లాగాను. షెడ్డు రేకులన్నీ ఒక్కసారి మాట్లాడాయి.
"ఇప్పుడు వదలండి," చోకు తెరుస్తూ అరిచాను.

పదకొండు క్షణాలు.
ఆగిపోయింది.

బ్రాంకో ఏమీ అనలేదు.
కంచె మీంచి చెయ్యి చాచి
ట్యాంకు కింద చిన్న కుళాయి వైపు వేలు చూపించాడు.
నేను కట్టేసి, విప్పడం మరిచింది.

మధ్యాహ్నానికి మడి తిరగబడింది,
నల్లగా, తడిగా, వానపాములతో సహా.
చల్లడానికి గింజ లేదు. అవన్నీ ఎలుక కడుపులో ఉన్నాయి.
పిన్నీసు తుడిచి మళ్ళీ గాజుకే తగిలించాను.
ఇంకా వాసన వస్తోంది,
మే నెలది.